వేళ్లు లేని మొక్కల బేరం

ఒక పెద్ద అడవిలో వడ్డీ నిషిద్ధం. ఎడారి నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ముసలి ఒంటె, ఇస్లాం చెప్పిన వ్యాపార నీతిని జంతువులకు బోధించింది: అప్పిచ్చి వడ్డీ గుంజరాదు. అవతలివారు కోరిన వస్తువును కొని, సొంతం చేసుకుని, అది పాడైతే నష్టం భరించడానికి సిద్ధపడి, ఆ తరువాతే లాభానికి అమ్మాలి.

ఒంటె కాలం చేసింది. దాని నీతిని నక్క ఒక సంస్థగా మార్చి ‘సుస్థిర హరిత నిధి’ అని పేరు పెట్టింది. ధర్మాధర్మాలు తేల్చడానికి కొంగను పండితుడిగా నియమించింది. తీర్పుకొక చేప జీతం.

కొండవాలు బోడిదైపోయి, దాని కింది ఊట ఎండిపోతోంది. పిల్లలతో ఆ నీటినే నమ్ముకున్న దుప్పి, వానలకు ముందే వాలుపై మొక్కలు నాటాలని నిధి దగ్గరికి వచ్చింది.

“కోతి తోటలో మొక్కలను పది బుట్టల ఇప్పపూలకు మేము కొంటాం. ఏడాదిలో నువ్వు పదిహేను ఇస్తావు,” అంది నక్క.

కొంగ కళ్లు మూసుకుని, “కొన్నాం, మాదైంది, అమ్మాం,” అని ఒక్క ఊపిరిలో ముగించింది.

“మొక్కలను చూశారా?” అని అడిగింది దుప్పి.

“చూడడం తోటమాలి పని తల్లీ. మాది ధర్మకార్యం,” అంది నక్క.

కొనేవారు చూడరని తోటమాలి కోతికి తెలుసు. తన తోట నుంచి వేళ్లు లేని కొమ్మలను మోపులు కట్టి నక్క వాకిట్లో దింపించింది. దుప్పి వాసన చూసి వెనక్కి జరిగింది.

“వీటికి వేళ్లు లేవు నక్కగారూ. నేను తీసుకోను.”

“కొంగగారు మొక్కలన్నారు, కనుక మొక్కలే. పదిహేను బుట్టలూ కట్టు. వేళ్ల సంగతి నువ్వూ నేలా తేల్చుకోండి.”

దుప్పి అటవీ సభలో మొర పెట్టుకుంది. సభకు పెద్ద అయిన ఏనుగు ఒకటే అడిగింది: “దుప్పి ముట్టని ఆ కొమ్మలు ఎవరివి?”

“మొదటి నుంచీ దుప్పివే,” అంది నక్క.

“ఏనాడూ నీవి కానివాటిని ఎలా అమ్మావు? అలాగైతే ఆ పై అయిదు బుట్టలూ వడ్డీయే. వడ్డీ తిన్నవారికి ఈ అడవిలో చోటు లేదు.”

నక్క కొంగ వైపు చూసింది. కొంగ గొంతు సవరించుకుని, “లోతుగా పరిశీలిస్తే అవి నిధివే,” అంది.

“అయితే నష్టమూ నిధిదే. తొలకరిలోగా వేళ్లున్న మొక్కలు వాలు మీదికి చేరాలి,” అని ఏనుగు లేచింది.

ఈసారి నక్క స్వయంగా కోతి తోటకు వెళ్లి, ప్రతి మొక్కనూ పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు ఎగాదిగా చూసింది. దుప్పికి అప్పగించేలోగా ఒక్కటి వాడినా నష్టం తనదే కనుక మండుటెండలో నీళ్లు మోసింది. పండితుడి చేతా మోయించింది. తొలకరికి వాలు చిగురించింది, ఊటలో నీరు నిలిచింది.

నీతి: అడవి పచ్చగా ఉండాలంటే నక్కకు నీతి నేర్పనక్కరలేదు, నష్టంలో వాటా ఇస్తే చాలు.