ప్లోవ్‌దివ్‌కి రావడానికి ఏడు కారణాలు

ఇవాళ ఊరంతా తిరిగి కాగితాలు అంటించాలని నిశ్చయించుకుని రంగెల్ నిద్ర లేచాడు. మా ప్లోవ్‌దివ్ ఊరి పాతబస్తీలో, కొండ మీదికి పోయే రాళ్ల వీధిలో అతనికో మేడ ఉంది. పై అంతస్తులోని రెండు గదులూ యాత్రికులకి అద్దెకిస్తాడు. భార్య వెల్కా ఉన్నన్నాళ్లూ ఆ గదులు ఖాళీగా ఉండేవి కావు. పొద్దున్నే ఆమె వాళ్లకి జున్ను పొరల రొట్టె కాల్చి పెట్టేది, సాయంత్రం రంగెల్ వాళ్లని కూర్చోబెట్టి ఊరి సంగతులు చెప్పేవాడు. ఆమె పోయాక యాత్రికులు రావడం తగ్గింది. ఈ వేసవి ఒక్కరూ గడప తొక్కలేదు.

వీధి చివరి హోటల్ యజమాని ఆ ఇల్లు అమ్మమని చాన్నాళ్లుగా వెంటపడుతున్నాడు. ఒక్కడే కూర్చుని తినీ తినీ విసుగెత్తిన రంగెల్, "ఈ నెలాఖరులోగా నా భోజనాల బల్ల దగ్గర ఇంకో మనిషి కూర్చోకపోతే తాళంచెవులు నీకే ఇస్తాను" అని ఓ మాట అనేశాడు. అన్నాక రాత్రంతా బాధపడ్డాడు. కానీ రంగెల్ మాట తప్పే మనిషి కాదు, నెల చూస్తే ఆఖరికి వచ్చేసింది.

అందుకని ముందురోజే, డబ్బు తక్కువున్నవాళ్లు ప్లోవ్‌దివ్‌కి ఎందుకు రావాలో ఏడు కారణాలు రాశాడు. మ్యూజియంలో ముప్ఫై ఏళ్లు కాపలా కాసినవాడు గనక ఊరి గురించి ఏం రాసినా ఒళ్లు దగ్గర పెట్టుకునే రాస్తాడు. రోమన్ల పరుగుపందాల మైదానం పెద్దవీధి కిందే ఉంది, పైనుంచి తొంగిచూస్తే టికెట్ అడిగేవాడుండడు. పాత నాటకశాలలో పాడే పాట పైన మెట్ల మీద కూర్చున్నవాడికీ అంతే బాగా వినిపిస్తుంది. నెబెట్ కొండ మీద సూర్యాస్తమయానికి వేళ తప్ప వెల లేదు. ఇక్కడివాళ్లకి తొందర ఉండదు గనక టాక్సీ ఖర్చు లేదు. ఇలా ఆరు చకచకా వచ్చాయి. ఏడోదానికి మాత్రం సగం రోజు పట్టింది: "మా ఇంట్లో మీరు ఒంటరిగా భోంచేయనక్కర్లేదు."

ఆ రాతని ఇవాళ పొద్దున్నే గీనా అచ్చుదుకాణానికి పట్టుకెళ్లాడు.

"ఫొటో తెచ్చావా రంగెల్ అన్నా?" అంది గీనా, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని. అవతల ఆమె కోడలు ఏదో గట్టిగా వాదిస్తోంది.

"ఇదిగో. రిటైరైననాడు తీయించింది. టై కూడా ఉంది."

"పేరు పెద్దక్షరాల్లో వేస్తాను. చుట్టూ అంచు లేకపోతే బోసిగా ఉంటుంది."

"నీకు చెప్పాలా అమ్మా. ఎప్పుడూ వేసినట్టే వెయ్యి."

ఎప్పుడూ వేసినట్టే వేసింది. మా దగ్గర ఎవరైనా పోతే, ఫొటో వేసి నల్ల అంచు కట్టిన కాగితాన్ని గుమ్మానికీ చెట్లకీ స్తంభాలకీ అంటిస్తారు. ఆరు నెలలకి మళ్లీ, ఏడాదికి మళ్లీ. గీనా దుకాణం నడిచేదే వాటి మీద. కోడలితో వాదిస్తూనే ఆమె చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. రంగెల్ అయినా గమనించాల్సింది. కానీ వెల్కా పోయిన దగ్గర్నుంచీ ఆమె కాగితాలు ఇక్కడే వేయించి, తన చేత్తోనే అంటిస్తూ వచ్చాడు. కాగితమంటే ఇలాగే ఉంటుందని అతని కంటికి అలవాటైపోయింది. హుందాగా వచ్చిందని సంతోషించి, ఒక కట్ట చంకలో పెట్టుకుని బయల్దేరాడు. ఏడు కారణాలూ, ఇంటి చిరునామా ఫొటో కింద చీమల బారులా ఉన్నాయి.

మొదటిది తన గేటుకే అంటించాడు. తర్వాత చర్చి గోడకి, బస్టాపుకి, ఆఖరున రైల్వేస్టేషన్ ముందున్న చెట్టుకి. చెట్టు దగ్గర ఒక ముసలావిడ వచ్చి నిలబడింది. ఆవిడ కళ్లు ఫొటో మీదే ఉన్నాయి గానీ, పక్కనే గడ్డిటోపీ పెట్టుకుని నిలబడ్డ మనిషి మీద లేవు.

"మ్యూజియంలో ఉండేవాడు కదూ ఈయన?" అంది.

"అవునండీ. ముప్ఫై ఏళ్లు."

"మా మనవల్ని ఊరికే లోపలికి వదిలేవాడు. మంచి మనిషి."

"మంచివాడేనండి," అన్నాడు రంగెల్ వినయంగా.

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. భార్య పోయింది."

ఆవిడ నిట్టూర్చి శిలువ గుర్తు వేసుకుంది. "అయితే వెళ్లాలి నాయనా. నలుగురూ లేకపోతే ఎలా? ఎప్పుడు రమ్మన్నారు?"

"మధ్యాహ్నం నుంచి ఎప్పుడైనా సరే. ఉత్త చేతుల్తో వచ్చినా పర్లేదండీ."

"అదేం మాట, పూలైనా తేవద్దూ?"

అద్దె గదికి పూలు పట్టుకొచ్చేవాళ్లని రంగెల్ ఎప్పుడూ చూడలేదు. కాలం మారిందనుకున్నాడు. అదే ఉత్సాహంతో బస్టాపు దగ్గర నిలబడ్డ మరికొందరిని కూడా "తప్పకుండా వెళ్లండి, ఆయన సంతోషిస్తాడు" అని పంపించాడు. అలా తన అంత్యక్రియలకి తనే ఇల్లిల్లూ పిలిచినంత పని చేసి, రాబోయే అతిథుల కోసం బజారులో చెర్రీలు కొని, ఎండ ఎక్కువగా ఉందని నెబెట్ కొండ మీద నీడలో కాసేపు నడుం వాల్చాడు.

ఇక్కడ పక్కింటి జ్లాతా గేటు మీది కాగితం చూసింది. "నిన్న సాయంత్రమేగా పెరుగు కొనుక్కెళ్లాడు," అని వీధిలో అందరికీ చెప్పింది, పెరుగు కొన్నవాడికి చావు రాకూడదన్నట్టు. రంగెల్ ఇంటి ఇంకో తాళంచెవి ఆమె దగ్గర ఉంది. లోపల మనిషి లేడు, ఆస్పత్రిలో పోయి ఉంటాడని తేల్చేశారు. కాగితం ఎవరు అంటించారని ఎవరూ అడగలేదు. అలాంటివి ఎవరో ఒకరు అంటిస్తూనే ఉంటారు. దాన్ని ఎవరూ చదవలేదు కూడా. మా దగ్గర ముఖం చూసి 'అయ్యో' అనుకోవడమే గానీ కింద ఏముందో చదివే ఓపిక ఎవరికీ ఉండదు. జ్లాతా పోయినవాళ్ల పేరున పెట్టే గోధుమలు ఉడికించి, చక్కెరా అక్రోటు పొడీ కలిపి బల్ల మీద పెట్టింది. జనం సరి సంఖ్యలో పూలు పట్టుకుని వచ్చారు. హోటల్ యజమాని అందరికంటే పెద్ద గుత్తి తెచ్చి, అది అక్కడ పెట్టి, జేబులోంచి కొలత టేపు తీశాడు.

కాగితం పూర్తిగా చదివినవాళ్లు ఇద్దరే, రూసె నుంచి రైల్లో వచ్చిన విద్యార్థులు. ఏడో కారణం చదివి, సంచులు మోసుకుంటూ వచ్చేశారు. జ్లాతా వాళ్లని కూర్చోబెట్టి గిన్నెలు చేతికిచ్చింది.

"ఆయన పేరు చెప్పుకుని తినండి బాబూ."

"ఆయన ఎక్కడున్నారండీ?"

జ్లాతా కళ్లు తుడుచుకుని పైకి చూసింది. మేడ మీద పడుకున్నాడేమో, లేపడం ఎందుకని వాళ్లు చప్పుడు కాకుండా తిన్నారు.

అప్పుడొచ్చాడు జప్ర్యాన్. అతనూ రంగెలూ బడికి పలకల సంచీ మోసిన నాటి నుంచి జంట. ఒకనాడు పాచికలాటలో ఒక పాచిక దొర్లి ఆట పలక అంచుకి ఆనుకుని ఏటవాలుగా నిలబడింది. చెల్లుతుందన్నాడు రంగెల్. చెల్లదు, మళ్లీ వెయ్యమన్నాడు జప్ర్యాన్. అంతే, ఆనాటి నుంచీ ఒకడు వీధికి ఈ పక్క నడిస్తే ఇంకొకడు ఆ పక్క నడుస్తున్నాడు.

రంగెల్ తిరిగొచ్చేసరికి వాకిలి నిండా జనం. అతని గుండె నిండిపోయింది. ఏడో కారణం పని చేసిందనుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, అందరూ నల్లబట్టల్లో ఉండటం చూసి ఆగాడు. అందరి వీపులూ అతనికేసి ఉన్నాయి. బల్ల దగ్గర జప్ర్యాన్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆ పాచిక చెల్లుతుంది," అన్నాడు జప్ర్యాన్. "నాకు ఆ రోజే తెలుసు. ఒప్పుకోవడానికి ఈ గేటు దాకా వచ్చి ఎన్నిసార్లు వెనక్కి పోయానో. వెల్కా పోయినప్పుడు కూడా చర్చిలో వెనక నిలబడి వెళ్లిపోయాను. వాడి పక్కన నిలబడాల్సింది నేనే గదా."

రంగెల్ చెర్రీల సంచీ గుండెకి హత్తుకుని గోడకి ఆనుకున్నాడు. అప్పటికి అతనికి అంతా అర్థమైంది. అర్థమయ్యాక కూడా ముందుకి రాబుద్ధి కాలేదు. అతనికి ఇంకొంచెం వినాలనిపించింది.

"ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి," అన్నాడు హోటల్ యజమాని టేపు చుడుతూ. "బల్ల దగ్గర ఇంకో మనిషి కూర్చోకపోతే ఇల్లు నాకిస్తానని ఆయన మాటిచ్చాడు. పోయినవాడి మాట కాదనకూడదు."

"కూర్చున్నారు కదయ్యా," అన్నాడు రంగెల్ గుమ్మంలోంచి. "లెక్కపెట్టుకో."

జ్లాతా చేతిలో పళ్లెం కిందపడింది. స్టేషన్ దగ్గర కనిపించిన ముసలావిడ మళ్లీ శిలువ గుర్తు వేసుకుంది. విద్యార్థులు మాత్రం లేచి నిలబడి, "నిద్ర పట్టిందా తాతా?" అని మర్యాదగా అడిగారు.

జప్ర్యాన్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఒరే, నువ్వు పోలేదా?"

"బజారుకి పోయాను."

"అయితే ఆ పాచిక చెల్లదు. నేను ఒప్పుకున్నది పోయినవాడితో, నీతో కాదు."

"విన్నది నేనేగా."

"చాటుగా విన్నావు. సిగ్గుండాలి."

గేటు మీది కాగితం ఎవరో ఊడదీసి తెచ్చారు. జప్ర్యాన్ కళ్లజోడు పెట్టుకుని, తప్పెక్కడుందో పట్టుకుంటానన్నట్టు ఒక్కొక్క కారణమూ పైకి చదివాడు. ఏడోదాని దగ్గర ఆగిపోయాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు గానీ చదవలేదు. ఎవరూ చదవమనలేదు.

కాసేపటికి జ్లాతా లేచి, గుత్తుల్లోంచి ఒక్కో పువ్వు తీసేయడం మొదలుపెట్టింది. సరి సంఖ్య పోయినవాళ్లది, బేసి బతికున్నవాళ్లది. తీసిన పూలన్నీ విడిగా కట్టి, "వెల్కాకి ఇచ్చిరా అన్నయ్యా," అని రంగెల్ చేతిలో పెట్టింది. హోటల్ యజమాని తన గుత్తిలోంచి తనే ఒకటి తీసి ఇచ్చి, టేపు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు వండిన గోధుమలు పారేయడం ఎందుకని కూర్చున్నారు. చెర్రీలు పంచారు. ఇందాక పోయినవాడి పేరున కాబట్టి ఒకదానికొకటి తగిలించకుండా తాగిన గ్లాసుల్ని ఈసారి తగిలించి తాగారు. విద్యార్థులు మేడ మీద గదిలో సంచులు దించుకున్నారు.

అందరూ వెళ్లాక ఆఖరికి జప్ర్యాన్ లేచాడు. రంగెల్ గేటు దాకా వచ్చాడు.

"రేపు వస్తావా?" అన్నాడు రంగెల్.

జప్ర్యాన్ అతన్ని ఎగాదిగా చూశాడు.

"నువ్వుంటే వస్తాను."