చుక్కకూ నూకరత్నానికీ ఒకే దారం

పరాకున కూతుర్ని ఎత్తుకుంటే కుక్క కడుపు విచ్చుకుపోతుందని నూకరత్నానికి అన్నిటికంటే పెద్ద భయం. ఎందుకంటే ఆ ఊరి పశువుల ఆసుపత్రిలో ఆడకుక్కకూ, దాన్ని తీసుకొచ్చిన మనిషికీ ఒకే దారంతో కుట్లు వేస్తారు.

అది కొత్త పద్ధతేమీ కాదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కుక్కకే. కుట్లు మాత్రం ఇద్దరికీ. పది రోజుల్లోపు ఒకరు బరువెత్తినా, గెంతినా రెండోవాళ్ల కుట్టు ఊడుతుంది. అందువల్ల ఆ ఊళ్ళో కుక్కల్ని ఎవరూ అశ్రద్ధ చెయ్యరు. కాంపౌండర్ ఫారం నింపాడు. రోగి పేరు: చుక్క. వయసు: రెండేళ్ళు. తోక: ఉంది. రెండో రోగి పేరు: నూకరత్నం. వయసు: ఇరవై మూడు. తోక దగ్గర ఆగి, ఆమెను ఒకసారి చూసి, లేదు అని రాశాడు.

మెడకు తగిలించే ప్లాస్టిక్ గరాటాలు కూడా రెండిచ్చారు. చుక్కకు కుట్లు నాకకుండా. నూకరత్నానికి పక్కచూపు పోకుండా. అది పెట్టుకుంటే ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది. కుడిపక్క అంట్లు, ఎడమపక్క విడిచిన బట్టలు కనిపించవు.

అత్త ఎర్నమ్మ మొదటిరోజు గొడవపడింది. "ఇది మంచమెక్కితే కుళాయికాడికి ఎవులెల్తారు? కుక్క ఎల్తాదేటి?"

"కుక్క కూడా ఎల్లకూడదమ్మా," అన్నాడు నూకరత్నం మొగుడు సూర్రావు, ఆసుపత్రి చీటీ చూసి. "రాసున్నాది."

ఎర్నమ్మకు చుక్కంటే ప్రాణం. వర్షంలో దొరికిన కూనను చెంగులో చుట్టి తెచ్చింది ఆవిడే. రెండు బిందెలూ తీసుకుని కుళాయికి వెళ్ళింది.

రోజూ పొద్దున ఆసుపత్రి మనిషి వచ్చేవాడు. చుక్క పొట్ట మీద ఎరుపుందా, వాపుందా చూసేవాడు. "అన్నం తిన్నాదా? నిద్రపోయిందా?" అని అడిగేవాడు.

"తిన్నాదండి," అనేది నూకరత్నం.

"నువ్వో?"

మొదటిసారి ఆమె గరాటాతో సహా వంటింటివైపు తిరిగింది. ఫారంలో ఆ గడి ఖాళీగా వదలకూడదని అతను గుమ్మంలోనే నిలబడ్డాడు. ఎర్నమ్మ లోపలికెళ్ళి పెరుగన్నం కలుపుకొచ్చి కోడలి చేతిలో పెట్టాక, "తిన్నది" అని రాసుకుని వెళ్ళాడు. మర్నాటి నుంచి చుక్కకు మాత్ర ఇడ్లీలో పెట్టి తినిపించేటప్పుడు ఎర్నమ్మ ఇంకో రెండిడ్లీలు పక్కన ఉంచేది.

ఆరో రోజు పిల్ల మోక్షిత గడప తట్టుకుని బోర్లాపడింది. ఏడుస్తూ చేతులు చాచింది. నూకరత్నం గరాటాలోంచి పిల్లను ఒక్కదాన్నే చూసింది. వంగి, చంకల కింద చేతులు వేసింది. మూలనున్న చుక్క కుయ్యిమంది.

"ఆగే! కుట్లు!" ఎర్నమ్మ పరుగున వచ్చి పిల్లను లాక్కుంది. చుక్క పొట్ట మీద ఒక్క కుట్టు దగ్గర రక్తపు చెమ్మ తేలింది. అంతకంటే విచ్చుకోలేదు. నూకరత్నం ఏడ్చేసింది.

ఎర్నమ్మ పిల్లను భుజాన వేసుకుని చాలాసేపు తిరిగింది. తర్వాత అడిగింది.

"రొండో కాన్పుకి నీకూ ఈ ఆపరేషనే సేసినారు గదా. మూడోనాడే నీళ్ళకెల్లినావు. ఎలా మోసినావే?"

"సిన్నబిందె తీసుకెల్లినాను అత్తా."

"నా ఆపరేషనప్పుడు నాను పెద్దబిందే మోసినాను," అంది ఎర్నమ్మ. మనుషుల ఆసుపత్రిలో అప్పుడూ ఇప్పుడూ ఎవరి దారం వాళ్లదే.

పదో రోజు కాంపౌండర్ ఇద్దరి కుట్లూ విప్పి, మానాయని ఒకే చీటీ ఇచ్చాడు. చుక్క ఇంటికి రాగానే పక్కింటి కోడిని తరిమింది.

పదకొండో రోజు పొద్దున ఎర్నమ్మ మళ్ళీ బిందెలు తీసింది. "కుట్లు తీసేసినారు గదమ్మా," అన్నాడు సూర్రావు.

"కుక్కకింకా నీరసంగున్నాదిరా," అంది ఎర్నమ్మ. కుక్క అప్పుడు కోడి వెనకాల గోడ దూకుతోంది. సూర్రావు దాన్ని చూశాడు, ఒక బిందె తను అందుకున్నాడు.

వెనక వీధిలో నీలవేణికి మొన్న మంగళవారం ఆపరేషన్ అయింది. మనుషుల ఆసుపత్రిలో. వాళ్లకు కుక్క లేదు, కాబట్టి అడగడానికి ఎవరూ రారు. నీలం తలుపు ఇల్లు. అటువైపు వెళ్తే ఒక్కసారి చూసి రండి. తిన్నదో లేదో అడగండి, జవాబు చెప్పేదాకా గుమ్మంలోనే నిలబడండి.