గుడ్డు నిర్దోషి, పాలు నిర్దోషి

మీ ఇంట్లో మీకు విలువ లేదని బాధపడుతున్నారా? అలగకండి. పుట్టింటికి ఫోన్ చేయకండి. తిండి మానేయండి!

అంతా ఒకేసారి మానేస్తే దాన్ని ఉపవాసం అంటారు, ఎవరూ పట్టించుకోరు. డాక్టరు చీటీ చేతిలో పెట్టుకుని, పేరు పేరునా మానేయాలి. దీన్ని ఎలిమినేషన్ డైట్ అంటారు. కోడళ్ళ కోసం లోకం కనిపెట్టినవాటిలో ఇంతకు మించింది లేదు. వాషింగ్ మెషీన్ కూడా దీని తర్వాతే.

తెలియనివారికి రెండు మాటల్లో చెబుతాను. మీ కడుపుకి ఏదో పడటం లేదు. ఏది పడటం లేదో ఎవరికీ తెలియదు. అప్పుడు అనుమానం ఉన్నవాటినన్నిటినీ కంచంలోంచి వెళ్ళగొడతారు. పాలు, గుడ్లు, గోధుమలు, వేరుశెనగలు, టమాటాలు, వంకాయలు, అందరూ బయటే. కడుపు చల్లబడ్డాక ఒక్కొక్కళ్ళనే లోపలికి పిలుస్తారు. ఎవరు అడుగుపెట్టగానే గొడవ మొదలవుతుందో వాళ్ళే దొంగ. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం పాతకాలం పద్ధతి. ఇప్పుడు గుమ్మడికాయనే అరెస్టు చేస్తున్నారు!

నా జబ్బు కడుపులో మంట. రాత్రి భోంచేసి పక్క మీద వాలగానే గొంతు దాకా ఎగదన్నేది. పెళ్ళయిన కొత్తలో మొదలైంది. అమ్మ "నీళ్ళు మారాయి కదే" అంది. మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా "నువ్వు టెన్షన్ తగ్గించుకో" అన్నారు. అత్తగారు మాత్రం ఉత్త సలహాతో సరిపెట్టలేదు. తన దిండు కింద ఎప్పుడూ ఉండే గ్యాస్ మాత్రల షీటులోంచి ఒకటి తుంచి నా చేతిలో పెట్టారు.

"చప్పరించు. అలవాటైపోతుంది."

అలవాటయ్యేది మంటా, మాత్రా అని నేను అడగలేదు.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అందులో అద్దాలు మారుస్తూ "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" అని అడగడం నా పని. ఒకరోజు అలా అడుగుతూనే కడుపు పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాను. ఫ్రేములో ఉన్న పెద్దాయన "ఇందాకే బాగుందమ్మా" అన్నాడు.

షాపు ఓనరమ్మ ఆ సాయంత్రమే నన్ను డైటీషియన్ దగ్గరికి తరిమింది.

డైటీషియన్ మహా నిదానస్తురాలు. ఏం తింటావు, ఎంత తింటావు, ఏ నూనె, ఏ ఉప్పు, చిన్నప్పుడు మట్టి తిన్నావా, పలక మీద సుద్ద నాకావా, అన్నీ అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పాను. మానేయాల్సినవాటి జాబితా రాసిచ్చి, చివర్లో ఒక హుకుం జారీ చేసింది.

"నీ వంట ముందు చేసుకో. విడి గిన్నె, విడి గరిటె. వండగానే కూర్చుని తినేసెయ్. ఆ తర్వాతే మిగతావాళ్ళ వంటలో చెయ్యి పెట్టు. లేకపోతే అన్నీ కలగాపులగం అయిపోతాయి."

ఇందులో ఏముందంటారా? మా ఇంట్లో భోజనాల వరస చెబితే గానీ ఈ పిడుగు మీకు వినపడదు. ముందు మామగారు, వార్తలతో పాటు. ఆ తర్వాత మా ఆయన, ఫోన్లో మాట్లాడటం పూర్తయ్యాక. ఆ ఫోను ఎప్పటికి పూర్తవుతుందో అవతలివాళ్ళకి కూడా తెలియదు. ఈ మధ్యలో "కాస్త వేడి చెయ్యి" అనే పిలుపులు. చిట్టచివర అత్తగారు, నేను. ఆపాటికి గిన్నెలో కూర ఉండదు, కూర ఉండేదన్న ఆనవాలు ఉంటుంది. పొద్దున్నుంచి షాపులో నిలబడ్డ కాళ్ళతోనే వంటింటి గట్టు దగ్గరా నిలబడి, అడుగంటింది గీరుకుని, గబగబా మింగి, గిన్నెలు కడిగి పడుకోవడం. ఇలా తినమని మాకెవరూ చెప్పలేదు సుమండీ! ఎవరూ చెప్పకుండా జరిగే పనులకే ఇంట్లో ఎదురుండదు.

డైటీషియన్ మాట ఇంట్లో చెప్పాను.

"ముందు నువ్వు తింటావా?" అన్నారు అత్తగారు.

"నేను కాదత్తయ్యా. ఆ డాక్టరమ్మ తినమంది."

"వాళ్ళిద్దరూ తినకుండానే?"

హాల్లోంచి మామగారి గొంతు వినపడింది. "వైద్యమంటే వైద్యమేనే! తిననీ. పథ్యం తప్పితే వికటిస్తుంది."

చూశారా మహిమ! కోడలికి ఆకలేస్తోందంటే తల తిప్పేవాళ్ళుండరు. కోడలికి గోధుమలు పడటం లేదంటే ఇల్లంతా లేచి నిలబడుతుంది!

ఆ సాయంత్రం నేను పీట వేసుకుని కూర్చున్నాను. చిన్న గిన్నెలో అన్నం, ఉడికించిన సొరకాయ, ఉప్పు. రుచి సంగతి అడక్కండి, సొరకాయకి కూడా సొరకాయ రుచి లేదు. కానీ పొగలు కక్కుతోంది. నేను తింటున్నంతసేపూ ఎవరూ నన్ను లేపలేదు. మా ఆయన మంచినీళ్ళకి వచ్చి, నన్ను చూసి, ఆయనే ముంచుకుని వెళ్ళారు. కుండ ఎక్కడుందో ఆయనకు తెలుసని నాకు ఆ రోజే తెలిసింది.

ఇక సమాజంలో నా స్థాయి ఎంత పెరిగిందో చెబితే నమ్మరు. ఎదురింటి పిన్నిగారు ఇదివరకు కనపడితే చాలు "ఏమ్మా, విశేషం ఏమైనా ఉందా?" అని నా పొట్ట వైపు చూసేది. ఇప్పుడూ పొట్ట వైపే చూస్తోంది గానీ, "పాలు కూడా మానేశావటగా!" అని గౌరవంగా అడుగుతోంది. మా ఆయన స్నేహితులతో "మా ఆవిడకి గ్లూటెన్ పడదు" అంటున్నారు, కొత్త కారు కొన్నవాడిలా. పెళ్ళి విందులో "ఇంకొక్కటి, నా మీద ఒట్టు" అంటూ మీద పడేవాళ్ళు నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేస్తున్నారు. ఒక్క డైట్‌తో ఇన్ని లాభాలుంటే దీన్ని బడిలోనే ఎందుకు నేర్పరు?

అన్నిటికన్నా పెద్ద లాభం, మంట పోయింది! పక్క మీద వాలితే గొంతులో ఏమీ లేదు. ఇన్నాళ్ళ తర్వాత నిద్ర నా వంతుకి కూడా వచ్చింది.

అక్కడే వచ్చింది చిక్కు. కడుపు చల్లబడింది కాబట్టి ముద్దాయిలను ఒక్కొక్కళ్ళనే లోపలికి పిలవాలి. ముందు గుడ్డు వచ్చింది. ఏమీ కాలేదు. గుడ్డు నిర్దోషి. పాలు వచ్చాయి. పాలూ నిర్దోషి. గోధుమలు తలెత్తుకుని నడిచొచ్చాయి. వేరుశెనగలు గుప్పెడు తిన్నా కడుపు కిక్కురుమనలేదు. ఇంట్లో అందరూ సంతోషించారు. "ఇంకేముంది, త్వరలో నీ గిన్నె మా గిన్నెలో కలిసిపోతుంది" అన్నారు మా ఆయన ప్రేమగా. లోకంలో పరీక్ష పాసవుతుంటే ఏడ్చేదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను!

టమాటా వంతు ఇంకా రాకముందే మా ఆయన ఆఫీసువాళ్ళు భోజనానికి వచ్చారు. అతిథులుండగా నేను ముందు కూర్చుంటే బాగుండదనిపించింది. ఎవరికనుకున్నారు? నాకే! నా గిన్నె మీద మూత పెట్టి పక్కన పెట్టాను. అందరూ తిని, జోకులు వేసుకుని, చెప్పులు వెతుక్కుని వెళ్ళాక ఆ గిన్నె తీశాను. అదే అన్నం, అదే సొరకాయ. కొత్తగా చేరిన దొంగ ఎవరూ లేరు. చల్లారిపోయింది, అంతే. గట్టు దగ్గర నిలబడి మింగేసి పడుకున్నాను.

మంట గొంతు దాకా ఎగదన్నింది.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. ఒకసారికి ఒక్క అద్దమే మార్చాలి. రెండు కలిపి మారిస్తే అక్షరం దేనివల్ల కనపడిందో బ్రహ్మకి కూడా తెలియదు. నా కడుపు దగ్గరికి వచ్చేసరికి ఆ పద్ధతి నాకే గుర్తులేదు. డైట్ మొదలుపెట్టిన రోజు మేం రెండు మార్చాం. తిండీ మారింది, వరసా మారింది. పాపం ఆ డైటీషియన్ ఏం తిన్నావని అడిగింది గానీ, ఎవరెవరి తర్వాత తిన్నావని అడగలేదు. ఇంట్లో సొరకాయకి దొరికిన మెప్పు అసలు ఎవరికి దక్కాలో నాకు అర్థమైంది.

మరి నిజం చెప్పేయొచ్చు కదా అంటారేమో. చెప్పి చూడండి! "నాకు తిండి అంతా పడుతుంది, చివర్లో తినడమే పడటం లేదు" అని హాలు మధ్యలో నిలబడి అనండి. అది జబ్బు కాదు, పొగరంటారు. జబ్బుకి వైద్యం ఉంది. పొగరుకి పంచాయితీ ఉంది. డైట్ అక్కడితో అయిపోతుంది, నా చిన్న గిన్నె అటకెక్కుతుంది.

డైటీషియన్ పిలిచి అడిగింది. "మొత్తానికి దొంగ దొరికాడా?"

"దొరికిందండీ. వంకాయ."

"నేను మొదట్నుంచీ దాన్నే అనుమానించాను!" అంది ఆవిడ ఆనందంగా. "ఇక జన్మలో ముట్టుకోకు. విడి వంట మాత్రం మానకు."

ఆ వంకాయని నేను నోట్లో పెట్టి కూడా చూడలేదు. విచారణ లేకుండా యావజ్జీవం వేయించాను. వంకాయ అభిమానులు నన్ను క్షమించాలి. మా మామగారు ఈ పేపర్లో ఆటల పేజీ తప్ప చదవరు కాబట్టి ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

నిన్న సాయంత్రం నేను పీట వేసుకుంటుంటే అత్తగారు వంటింట్లోకి వచ్చారు. హాలు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"అమ్మాయ్, నాక్కూడా ఏదో పడటం లేదనిపిస్తోందే."

"ఏదత్తయ్యా?"

ఆవిడ నా గిన్నెలోంచి లేస్తున్న ఆవిరి వైపు చూశారు.

"వంకాయే అనుకుంటా."

"మీకు వంకాయంటే ప్రాణం కదా!"

"ప్రాణమే. అయినా పడటం లేదు."

నేను రెండో పీట వేశాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆవిడ నాలుక చుర్రుమంది. ముద్ద ఊదుకుని తినడం ఆవిడకి అలవాటు తప్పిపోయింది. నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, రెండో ముద్ద ఊదుకున్నారు.

"భోజనం ఇంకా కాలేదా?" హాల్లోంచి మామగారు కేకేశారు.

అలవాటు కొద్దీ నేను లేవబోయాను. అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. అంత పెద్ద గొంతు ఆవిడకి ఉందని నాకు నిన్నటిదాకా తెలియదు.

"కాస్త ఆగండి! మేం డైట్‌లో ఉన్నాం!"