బసవపున్నయ్య పదివేల అడుగులు

ఆ ఉదయం బసవపున్నయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. నడక పేరుతో మిరపచేను దాకా బండి మీద వెళ్లాలి. చేతివాచీ విప్పి, కాయలు ఏరే రామక్క చేతికి కట్టాలి. తిరిగొచ్చి బస్టాండు పక్క హోటల్లో వేడివేడి పునుగులు తినాలి. సాయంత్రానికి సలీం గర్వం అణగాలి.

సలీం ఎదురింటి దర్జీ. జూలూరుపాడులో సగంమంది చొక్కాలు అతని మిషన్ మీద పుట్టినవే. ప్రమీలారాణిని "చెల్లె" అంటాడు, ఆ వరసన ఆమె మొగుడు బసవపున్నయ్యను "బావా" అంటాడు. ఆర్నెల్ల కిందటి దాకా ఇద్దరికీ ఏ పేచీ లేదు. అప్పుడు దవాఖానా నర్సు ఊళ్లో అరవై దాటిన షుగరు, బీపీ మనుషులందరినీ ఫోనులో ఒక గ్రూపుగా చేర్చింది. ఎవరి వాచీ ఎన్ని అడుగులు లెక్కపెట్టిందో రోజూ సాయంత్రం అందులో జాబితా వస్తుంది.

"చెయ్యి పట్టి చూడని వైద్యం గూడ ఒక వైద్యమేనా? నా గుండె సంగతి నాకు గడియారం చెప్పాల్నా?" అని మొదట్లో కొట్టిపారేసినవాడే బసవపున్నయ్య. కానీ జాబితాలో రోజూ సలీమే మొదటివాడు. ప్రమీలారాణి రోజూ దాన్ని పైకి చదివేది.

"చూడుండ్రి, సలీమన్న పన్నెండు వేలు నడిచిండు. మీకంటే ఏడాది పెద్ద. మీరేమో కుర్చీ ఇడువరు."

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, మరి పొరుగింటి అడుగులకు కూడా అంత రుచి ఉంటుందా? ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె తనను ఒక్కసారి కూడా ఇలా మెచ్చుకోలేదు. అదే ఆయన కడుపుమంట. కొత్తగూడెంలో ఉన్న కూతురు పద్మప్రియతో తనూ ఒక వాచీ తెప్పించుకున్నాడు. వారం రోజులు నడిచినా నాలుగు వేలు దాటలేదు. మోకాళ్లు మొరాయించాయి. అప్పుడు పుట్టింది ఈ పథకం.

"ఇదేంది అయ్యా?" అంది రామక్క, చేతికి ఎక్కిన వాచీని చూసి.

"పొద్దుగూకేదాక తియ్యకు. సాళ్లెంట నడువు, గంతే."

ఆయన హోటల్లో మొదటి ప్లేటు ముగించేలోపే రామక్క నిండిన బస్తాను నెత్తి మీంచి ధబీమని దించింది. వాచీ కట్టుకున్న మనిషే కిందపడ్డాడనుకుంది వాచీ. గుర్రుమంటూ ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఆ భాష రామక్కకు రాదు. పురుగేదో చొరబడిందనుకుని కొంగుతో చుట్టేసి పని చూసుకుంది. జవాబు రాకపోయేసరికి వాచీ, పద్మప్రియ పెట్టిన ఏర్పాటు ప్రకారం, వాళ్లమ్మ ఫోనును కుయ్యోమనిపించింది. బసవపున్నయ్య పడిపోయాడు, చేనులో ఉన్నాడు అని చూపించింది.

"సలీమన్నా! మా ఆయన చేన్ల పడిపోయిండు!"

సలీం మిషన్ మీంచి లేచినవాడు లేచినట్టే స్కూటర్ తీశాడు.

హోటల్ బల్ల మీద రెండో ప్లేటు పునుగుల్లో ఉన్న బసవపున్నయ్యకు రోడ్డు మీద సలీం స్కూటర్ కనిపించింది. వెనక సలీం భుజం పట్టుకుని తన భార్య. కళ్లలో మిరపకారం పడ్డట్టయింది. నా బండి ఎక్కమంటే నడుం నొప్పి అంటుంది! కేకేస్తే ఆగలేదు. తన బండేమో ఉక్రోషం చూసి బెదిరినట్టు ఎంత తన్నినా స్టార్ట్ కాలేదు. బసవపున్నయ్య పంచె ఎగగట్టి పరుగందుకున్నాడు. రెండు కిలోమీటర్లు. చెప్పులు ఒకటి మలుపు దగ్గర, ఒకటి కాలవ దగ్గర జారిపోయాయి.

చేనులో ప్రమీలారాణి రామక్క మణికట్టు పట్టుకుని నిలబెట్టేసింది.

"మా ఆయన వాచీ నీ చేతికెట్ల వచ్చిందే?"

"అయ్యగారే కట్టిండమ్మా."

"ఆయన కట్టిండా! నాకెన్నడు గాజులు గూడ తొడగలే!"

అప్పుడు రొప్పుకుంటూ ఊడిపడ్డాడు బసవపున్నయ్య. "సలీం బండెక్కి ఏడికి పోతున్నవ్?"

"మీరు సచ్చిండ్రేమోనని చూడనీకి!"

ఇక దాచడానికేమీ మిగల్లేదు. తల వంచుకుని అంతా చెప్పేశాడు. ప్రమీలారాణి అగ్గిమీద గుగ్గిలమైంది.

"సిగ్గు లేదా? సలీమన్నను చూసి నేర్చుకోండ్రి. ఆయన ఎన్నడన్న గిట్ల దొంగలెక్క రాయించిండా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సలీం గబుక్కున వంగి పైజామా అంచు కిందికి లాగాడు. అందరి చూపూ అక్కడికే పోయింది. కుడికాలి మడమ పైన వాచీ.

"అన్నా, గదేంది?"

"మిషన్ తొక్కుడు గూడ నడకే గద, చెల్లె" అన్నాడు సలీం నీళ్లు నములుతూ. "కూసున్న కాడనే పన్నెండు వేలు పడుతయి."

రామక్క ముందు నవ్వింది. తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. ప్రమీలారాణి చూపు మెల్లగా మొగుడి దుమ్ము పాదాల మీదికి దిగింది.

"హోటల్ కాడికెల్లి ఉరికిండ్రా? చెప్పుల్లేకుండ?"

"అవ్."

ఆమె కొంగుతో ఆయన ముఖం తుడిచింది. "ఈ వయసుల గింత దూరం ఎవరు ఉరుకుతరు! సలీమన్న అయితే మలుపు కాడనే కూలబడేటోడు."

ముప్పై ఎనిమిదేళ్లుగా ఎదురుచూసిన మాట. బసవపున్నయ్య ఛాతీ ఉబ్బింది. "చూడు సలీం, ఎన్ని అడుగులైనయో" అంటూ రామక్క చెయ్యి అందుకున్నాడు.

ఆయన ఉరికినంతసేపూ రామక్క ఒక్కచోటే నిలబడి తిట్లు తింటోంది కాబట్టి, వాచీలో ఒక్క అడుగు కూడా పెరగలేదు.