కోరుట్ల మెయిళ్ల దొంగ

"ఓదెలన్నా, మా ఆయన వీసా ఏది?" మంజుల మూడోసారి అడిగింది.

ఓదెలు మూడోసారి ఆమె మెయిల్ తెరిచాడు. ఖాళీ. కొమురవ్వ కొడుకు మస్కట్ నుంచి పంపిన ఫోటోలూ లేవు. ముత్యం మెయిలూ ఖాళీయే. కోరుట్లలో నెట్ సెంటర్ పెట్టిన ఐదేళ్లలో ఒక్కరి ఉత్తరం పోలేదు. ఇప్పుడు ఒక్కరిదీ మిగల్లేదు.

సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు. మంజుల మొగుడు సురేశ్ ఎక్కాల్సిన హైదరాబాద్ జీపు పన్నెండింటికి. వీసా కాగితం లేకపోతే విమానం సురేశ్ లేకుండానే ఎగురుతుంది. అప్పటికే పదకొండు దాటింది.

"మల్ల పంపుమనరాదు?" అన్నాడు ఓదెలు.

"ఇయ్యాల శుక్రారం. షార్జాల ఆఫీసు బంద్."

"పోలీసోళ్లే గుంజుకున్నరు," అన్నాడు ముత్యం. "ఉద్యమపోళ్ల మెయిళ్లు సదువుతున్నరట."

"నా కొడుకు ఫోటోలు వాళ్లకెందుకురా?" అంది కొమురవ్వ.

మాట చౌరస్తా చేరింది. పది నిమిషాల్లో జేఏసీ కన్వీనర్ రామస్వామి సారు మైకుతో సహా సెంటర్ ముందుకొచ్చి బైఠాయించాడు. చౌరస్తాలో వంటావార్పుకు పెట్టిన గిన్నె కూడా, సగం ఉడికిన అన్నంతో, వెంటే వచ్చింది.

"దొంగ పేరు చెప్పాలె," అన్నాడు సారు.

"చెప్పాలె, చెప్పాలె," అన్నారు జనం.

అందరి చూపూ ఓదెలు మీదే. అందరి అకౌంట్లూ తెరిచింది అతనే. అందరికీ ఒకటే పాస్‌వర్డ్, 'జైతెలంగాణ', పెట్టిందీ అతనే.

సారు గొంతు పెంచాడు. "మంజుల బాధ నాకెరుకే. సురేశ్ పోయేది తాపీ పనికి, రెండేండ్ల వీసా..."

"ఆగుండ్రి సారూ. తాపీ పనా? నాకు ఆఫీసు పనని చెప్పిండు. మీకెట్ల ఎరుక?"

"నువ్వే గదమ్మా నాకు మెయిల్ పంపినవ్. మూడొద్దుల సంది ఊరంత నాకే రాస్తున్నరు. కొమురవ్వ కొడుకు ఫోటోలు సుత పంపిండు. జేఏసీ మీద గంత నమ్మకం."

ఓదెలుకు అప్పుడు గుర్తొచ్చింది. నాలుగు రోజుల కింద తన ఇంటి కంప్యూటర్లో మెయిల్ ప్రోగ్రాం ఎక్కించమని సారే అడిగాడు: "పాత కంప్యూటరు, బరువు గావొద్దు. మెయిళ్లు నా ఇంట్లనే ఉండాలె, బయట ఒక్క కాపీ మిగలొద్దు." ఓదెలు మూడు ప్రోగ్రాములు చూశాడు. ఒకటి తెరుచుకునేలోపే కరెంటు పోయింది. ఇంకొకటి పేరు, ఫోను, పుట్టిన తేదీ అడిగింది, పోలీసులు నయం. మూడోది ఏమీ అడగలేదు. మెయిళ్లను లాగి కంప్యూటర్లో దాచి, వచ్చిన చోట తుడిచేస్తుంది. ఎంత మోస్తుందో చూద్దామని సెంటర్ గిరాకీలందరి అకౌంట్లూ సారు కంప్యూటర్లోనే ఎక్కించాడు. తీసేయడం మరిచాడు.

"దొంగ మీ ఇంట్లనే ఉన్నడా సారూ?" అంది కొమురవ్వ. సారు మైకు దించాడు.

ఓదెలు పెన్‌డ్రైవ్ పట్టుకుని సారింటికి ఉరికాడు. జీపు టైముకు ముందే, కరెంటు పోవడానికి ఐదు నిమిషాలుండగా, సెంటర్ ప్రింటరులోంచి వీసా బయటపడింది. మంజుల కాగితం మడిచి సంచిలో పెట్టి, మైకు అందుకుంది.

"తాపీ పని సంగతి జీపు కాడ అడుగుత. ముందుగాల గిది చెప్పుండ్రి. మా మెయిళ్లు సారింట్లకు మలిపిందెవలు?"

మైకు చేతులు మారి ఓదెలు దగ్గర ఆగింది.

"ఓదెలు," అన్నాడు ఓదెలు.

సమ్మె మొదలైనప్పటి నుంచి అడిగిన రోజే నెరవేరిన డిమాండు అదొక్కటే.