సారు తాగిన చెంబెడు నీళ్లు

మురికికాలువల మీద ప్రభుత్వ పర్యవేక్షణ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఉంది! బ్రహ్మాండంగా ఉంది! మన ఆరోగ్యానికి సర్కారు తనిఖీని మించిన టానిక్ ఇంకొకటి లేదు.

కావాలంటే జనగామ జిల్లాలో, పేరు చెబితే నొచ్చుకునే ఒక ఊళ్లో, కిరాణా దుకాణం నడిపే పద్మలతను అడగండి. ఊరి మురుగంతా వచ్చి ఆమె ఇంటి వెనకే నిలుస్తుంది. అది బోరులోకి దిగి నీళ్లు కంపు కొడుతున్నాయనీ, ఆ నీళ్లు పోసుకుని మనవరాలు భవ్యకు ఒళ్లంతా దద్దుర్లు లేస్తున్నాయనీ, దవాఖాన చుట్టూ తిరగలేక ప్రాణం విసిగిందనీ ఆమె పై ఆఫీసుకు ఫిర్యాదు పెట్టింది.

తనిఖీకి పై ఆఫీసు సారు వస్తున్నారని కబురు రాగానే ఊరికి పెళ్లికళ వచ్చేసింది! కాలువ పొడవునా రెండు వైపులా బ్లీచింగ్ పౌడర్ గీతలు. తడి చెత్తకొకటి, పొడి చెత్తకొకటి కొత్త బుట్టలు. మాసిపోతాయని అన్నాళ్లూ వాటిని గదిలో పెట్టి తాళం వేశారు మరి! చివరికి రెండు బుట్టలనూ ఒకే ట్రాక్టరులో కుమ్మరిస్తే ఏం? అంత ఐకమత్యం మనుషుల్లో ఉందా? దోమలు సైతం ఆ పూట క్యాజువల్ లీవు పెట్టాయి.

సారు మిట్టమధ్యాహ్నం ఎండలో వచ్చారు. పద్మలతకు ఉన్న ఒకే ఒక్క బలహీనత మర్యాద. గడప తొక్కిన మనిషికి ముందు మంచినీళ్లు ఇవ్వాల్సిందే. అంత పెద్దమనిషికి కంపు నీళ్లిస్తే ఇంటి పరువేం కావాలి? గబగబా లోపలికి వెళ్లి, తాగడానికని కొనుక్కున్న మినరల్ వాటర్ క్యాన్ వంచి, తళతళలాడే ఇత్తడి చెంబు నిండా తెచ్చి ఇచ్చింది.

సారు గటగటా తాగారు. మూతి తుడుచుకుని, "నీళ్లు మంచిగనే ఉన్నయి గదమ్మా!" అన్నారు.

పరీక్ష పూర్తయింది! ఏ ల్యాబు ఇంత త్వరగా తేల్చగలదు చెప్పండి? "అయ్యో, గవి క్యాన్ నీళ్లు సార్!" అని పద్మలత అరిచేలోపే జీపు మలుపు తిరిగింది. నీళ్లు బాగానే ఉన్నాయని పై ఆఫీసు ఫిర్యాదును మూసేసింది. పిల్ల ఉసురు తానే పోసుకున్నానని పద్మలత తల బాదుకుంది.

ఒక్క వానకు బ్లీచింగ్ గీతలు కొట్టుకుపోయాయి. దోమలు మళ్లీ డ్యూటీలో చేరాయి. భవ్య దద్దుర్లు గోక్కుని రక్తాలు కారుతుంటే చూడలేక పద్మలత మళ్లీ మొర పెట్టుకుంది. సారు మళ్లీ వచ్చారు. మళ్లీ గీతలు, మళ్లీ బుట్టలు!

ఈసారి కూడా పద్మలత మర్యాద తప్పలేదు. చెంబు అదే. నీళ్లు మాత్రం బోరువి.

సారు చెంబును ముక్కు దాకా తెచ్చి ఆగిపోయారు. "డ్రైవర్, జీపుల నా బాటిల్ ఉంది, తీసుకరా!"

"గదేంది సార్? మంచిగున్నయని మీరే అంటిరి గదా!" అంది పద్మలత. "మా పిల్ల రోజు గివే నీళ్లతోని తానం చేస్తది. మీరు ఒక్క గుక్క తాగలేరా?"

సారు చెంబును మెల్లగా అరుగు మీద పెట్టారు.

కాబట్టి పాఠకులారా, తనిఖీలను తిట్టకండి. రోజూ కావాలని అడగండి! ఒక్కటే మనవి. వచ్చే సారు ముందుగా చెప్పకుండా రావాలి, మంచి దాహంతో రావాలి, బాటిల్ ఇంట్లో పెట్టి రావాలి. పద్మలత చెంబు ఇంకా నిండుగానే ఉంది.