చావడి గోడ మీది బీరకాయలు

దొరతనం చెడ్డదని అందరూ అంటారు. నేనొప్పుకోను! దొరతనమే లేకుంటే మా ఇబ్రహీంపట్నంలో బీరతీగకు పువ్వయినా పూసేదా?

నమ్మరా? అయితే నాగులమ్మ సంగతి వినండి.

నైజాం ఏలుబడి కొసకొచ్చిన ఏడు. నాగులమ్మ కూతురు సక్కుబాయికి ఆరో నెల. బాలింతకు మెత్తని బీరకాయ కూర పెట్టాలని ఆ తల్లి ఆశ. పెరట్లో తీగ ఉంది కదా అంటారేమో. పెరట్లో కాసింది ఏ ఏడు ఇంటికి దక్కింది కనుక? పోలీసు అమీను సాబు ఊళ్ల తనిఖీకని దౌరాకు వస్తే చాలు, పటేలు ఈశ్వరయ్య మనిషి వెట్టి కింద గంప నింపేవాడు. నీళ్లు పోసి పెంచిన పాపానికి ఆ గంప నాగులమ్మే మోసుకెళ్లి దించి రావాలి. ఎంత మర్యాదో చూడండి!

అందుకే ఆమె మృగశిర కార్తెలో విత్తనాలు తీసుకెళ్లి సర్కారు చావడి గోడవారన పెట్టింది. పక్కింటి ఇంద్రమ్మ బాట పక్కన బెండ వేసింది. పశువులను బంధించే బందెలదొడ్డి చుట్టూ బిక్షం చిక్కుడు పాకించాడు. ఎవరూ చేయమనలేదు, ఎవరూ కూలి అడగలేదు.

"గాడ కాస్తే మనకు దక్కుతదా అక్కా?" ఇంద్రమ్మకు గుబులు.

"మనింట్ల కాస్తే దక్కిందానే? చూద్దాం పా."

అప్పుడు జరిగింది అద్భుతం! పటేలు ఆ తీగను చూశాడు.

"ఏం రా బిక్షం, గిది ఎవరు పెట్టిచ్చిన్రు?"

"పెద్దోళ్ల పనులు నాకేమెరుక పటేలా!"

చావడి ముందర పెట్టించాడంటే అమీను సాబే అయ్యుంటాడని పటేలు ఆకు కూడా ముట్టలేదు. పైగా మేకలు రాకుండా ముళ్లకంప కొట్టించాడు. అమీను వచ్చి చూశాడు. పటేలు కంప కొట్టించాడంటే ఇది ఊరిని ఏలే దొరగారి గడికి పోయే కూరే అనుకున్నాడు. తన గుర్రాన్ని దూరంగా కట్టించాడు. ఇంత బందోబస్తు కలెక్టరు బంగళాకైనా ఉంటుందా?

ఆడవాళ్లు కడవలతో వచ్చి నీళ్లు పోసి, ఖాళీ కడవల్లో లేత కాయలు వేసుకుపోయేవారు. వాడకట్టంతా కూర తిన్నది. దొరతనం చల్లగా ఉండాలని దండం పెట్టుకుంటే తప్పా?

ఇంతలో యూనియన్ మిలిటరీ వచ్చింది, నైజాం ఏలుబడి పోయింది, దాంతోపాటే అమీనూ పోయాడు. ఆ వారంలోనే సక్కుబాయి ఆడపిల్లను కన్నది. మూడో రోజు నాగులమ్మ కడవ మానేసి, దర్జాగా గంప పట్టుకుని చావడికి పోయింది. ఇక దాచుకునే పనేముంది?

అక్కడ మీటింగు నడుస్తోంది. "ఈ చావడి, ఈ గోడ, ఆ తీగ, అన్నీ ప్రజలవే!" అన్నాడు కొత్త ఆఫీసరు. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది నాగులమ్మే.

"మరి ప్రజల తరఫున చూసుకునేదెవరు?" అని ఆఫీసరే అడిగాడు.

నిన్నటి తలరుమాలు తీసేసి కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకున్న ఈశ్వరయ్య లేచి నిలబడ్డాడు. ఇంకెవరి భయం? మీటింగు ముగిసేసరికి, ఆఫీసరు విందు కోసం పిందెలతో సహా తీగ ఖాళీ!

"పటేలా, మా సక్కు బాలింత. జర నాలుగు కాయలన్న ఇయ్యి."

"గదెట్ల నాగులమ్మా? ప్రజల సొమ్ము నీకొక్కదానికే ఎట్ల ఇస్తరు?"

న్యాయమే కదా!

విత్తనానికని వదిలిన ముదురుకాయ ఒక్కటి మాత్రం కూరకు పనికిరాదని మిగిల్చారు. నాగులమ్మ దాన్ని తెచ్చి ఇంటి దూలానికి కట్టింది. సక్కుబాయి ఎల్లిపాయ కారం మెతుకులతో నెల వెళ్లదీసింది. ఇదంతా నీకెట్ల తెలుసంటారా? ఆ తల్లి పాలు తాగిన పిల్లను నేనే.

ఆ కాయ విత్తనం ఏటేటా పెట్టుకుంటూ ఇప్పటికీ దాచాను. ఒకరంటే ఒకరికి భయపడే ఇద్దరు పెద్దమనుషుల మధ్య మీ ఊళ్లో ఏదైనా గోడ ఉంటే చెప్పండి, వచ్చి పెడతాను. ఒక్కటే షరతు.

ఆ గోడ మీద "ప్రజలది" అని రాసి ఉండకూడదు!